ఎవరి పోలికా రాని ముఖాలు

"ఈ పూట నీ పని నిద్రపోవడమే, పిచ్చుకా!"

పొద్దుటి ఎంగిలి పళ్ళేలు కడుగుతున్న కొత్తకోడలు చటుక్కున వెనక్కి తిరిగింది. వంటింటి గుమ్మానికి జారగిలబడి, వేళ్ళకంటిన నీలిరంగుని పాతగుడ్డతో తుడుచుకుంటూ భర్త నవ్వుతున్నాడు. పెళ్ళాన్ని పట్టపగలు పడుకోమనే మొగుడు ఎందరికి దొరుకుతాడు? ఆమెకి నవ్వాగలేదు. నురగ చేత్తోనే నోరు మూసుకుంటే మూతి మీద తెల్లటి మీసం మొలిచింది. అది చూసి అతను ఇంకా నవ్వాడు.

ఒక్కచోట కాలు నిలవదనీ, నోరు మూతపడదనీ పెళ్ళయిన కొత్తలోనే అతను ఆమెకి పిచ్చుక అని పేరు పెట్టాడు. కొత్తలో అంటే ఎంతో కాలం కాలేదు. పెళ్ళికి కొన్న చెప్పులు ఇంకా కాలికి కరుస్తూనే ఉన్నాయి. కాలేజీ పరీక్షల కోసం బట్టీపట్టినవి మరిచిపోకముందే ఈ ఇంట్లో అడుగుపెట్టింది. అడుగుపెట్టినప్పటినుంచీ అన్నీ సంబరమే. గదులన్నిటా అల్లుకున్న, రంగుల్లో కలిపే అవిసెనూనె వాసన సంబరం. మేడమెట్ల మలుపులో మధ్యాహ్నం పలకలా పడే ఎండ సంబరం. కుంచెని అరచేతిలో సబ్బు రాసి గుండ్రంగా తిప్పుతుంటే, పోయిందనుకున్న ఎర్రరంగు దాని వెంట్రుకల మధ్యనుంచి మళ్ళీ మళ్ళీ ఊరి రావడం సంబరం. తెల్లవారకముందే లేచి ఒకరికి చక్కెర లేకుండా, ఒకరికి పాలు తక్కువగా, ఒకరికి పొగలు కక్కుతూ టీలు కాచి అందించడం కూడా సంబరంగానే ఉండేది. కప్పు అందుకుంటూ అతను వేలికి వేలు తగిలించేవాడు మరి.

ఆ ఇంటి ముందు హాలే వాళ్ళ కార్ఖానా. వందల ఏళ్ళ కిందట ఎవరో గడుసువాళ్ళు వేసిన వ్యంగ్యపు బొమ్మల్ని చేత్తో పెద్దవి చేసి నకళ్ళు వేసి అమ్మడం వాళ్ళ వృత్తి. బొమ్మకో నీతి. డబ్బుపెట్టెని కావలించుకుని ఆకలికి మాడిపోయే పిసినారి, పేకముక్క మీద ఇల్లు పందెం కాసే జూదగాడు, అద్దం ముందునుంచి లేవలేని సొగసులాడి, పక్కింటి గోడకి చెవి అంటించిన చాడీలకోరు. "ముందు నవ్వొస్తుంది, తరవాత బుద్ధొస్తుంది" అని మామగారు కొనేవాళ్ళకి చెప్పేవారు. హోటళ్ళవాళ్ళూ, ప్లీడర్లూ, పళ్ళ డాక్టర్లూ పట్టుకుపోయి, వచ్చినవాళ్ళు కూర్చునే గదుల్లో తగిలించుకునేవారు.

పనిలో ఎవరి వాటా వారిది. ముఖాలూ చేతులూ మామగారివి. బట్టల మడతలూ వెలుతురూ భర్తవి. పొయ్యి మీద ఒక పక్క కూర, ఒక పక్క సరేసు జిగురు కాచుకుంటూ, కాన్వాసుకి తెల్లపూత వేసి ఆరబెట్టడం అత్తగారిది. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. ఏమడిగినా "ఊఁ" అనో "సరేలే" అనో అనేవారు, అదీ పెదవులు పూర్తిగా విడివడకుండానే. పిచ్చుక వచ్చాక గిన్నెలూ, పళ్ళూ, పిల్లులూ, కుక్కలూ ఆమె వాటాకొచ్చాయి. "చదువుకున్న పిల్ల కదా, వంటయ్యాక ఏదో ఒకటి గీకనీ" అన్నారు మామగారు. మొదటిసారి రాగిగిన్నె వేసినప్పుడు భర్త వంగి చూసి, "ఇదేమిటే, దీంట్లో మన కిటికీ కనిపిస్తోంది!" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె ఉబ్బితబ్బిబ్బై, ఆ పూట ఉప్పు వెయ్యకుండానే కూర దించేసింది.

మేడమెట్ల మలుపులో, ఆ ఎండపలక పడే చోట, అమ్మకుండా ఇంట్లోనే ఉంచుకున్న ఒక పాత నకలు వేలాడుతుండేది. దాని పేరు 'గయ్యాళి'. నడుం మీద ఒక చెయ్యి, గాల్లో ఒక చెయ్యి, కొండనాలుక దాకా కనిపించేట్టు తెరిచిన నోరు. ఆ అరుపుకి మొగుడు బల్ల కింద దూరాడు, పిల్లి కిటికీలోంచి దూకింది. కాపరానికొచ్చిన మొదటి వారం ఉతికిన దుప్పట్లు మోసుకుంటూ అత్తగారితో కలిసి మెట్లెక్కుతున్నప్పుడు పిచ్చుకకి అది చూసి నవ్వు పొంగుకొచ్చింది. "ఈవిడ నోరు చూడండత్తయ్యా! ఊరు ఊరంతా దూరిపోయేట్టుంది!" అంది. అత్తగారు చేతిలో దుప్పట్లు సర్దుకుని, "అవును, నవ్వొచ్చే బొమ్మే" అని పైకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు వచ్చిన పని 'సోమరి ఇల్లాలు'. ఊళ్ళో కొత్తగా తెరవబోతున్న హోటల్లో భోజనాల హాలుకి అది కావాలన్నారు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటాయి, పిల్లి బల్లెక్కి చేపని కొరుకుతుంటుంది, నేలమీద పడ్డ గరిటెని కుక్క నాకుతుంటుంది. వీటన్నిటి మధ్య ఇల్లాలు చేతుల కుర్చీలో ఒళ్ళు మరిచి నిద్రపోతుంటుంది. పాలగిన్నే, పిల్లీ, కుక్కా పిచ్చుక అప్పటికే వేసేసింది, ఇల్లాలే మిగిలింది. అసలు బొమ్మ పాత పుస్తకంలో అరచేతి మేర ఉంది. దాంట్లో ముఖం పెసరగింజంత. గళ్ళు గీసుకుని బల్లలూ గిన్నెలూ ఎంత పెద్దవైనా చెయ్యొచ్చుగానీ, పెసరగింజని పెద్దది చేస్తే పెద్ద మరకే అవుతుంది. "బతికున్న ముఖం చూసి వేస్తేనే బొమ్మకి ప్రాణం" అనేది మామగారి మాట. అందుకే ఆ పూట పిచ్చుక నిద్రపోవాలి.

కాలేజీ నాటకంలో రాక్షసి వేషానికి పిలిచినప్పుడు ఎంత ఉత్సాహంగా పరిగెత్తిందో, ఇప్పుడూ అలాగే పరిగెత్తింది. పళ్ళేలు తుడిచి పెట్టి, పాలగిన్నె తోమి, మామగారి చొక్కాలు నానబెట్టి, మధ్యాహ్నం వంటకి కూరలు తరిగి, తల దువ్వుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. మామగారు చేతికి గరిటె ఇచ్చారు. "అప్పుడే జారవిడిచినట్టుండాలమ్మాయ్ వేళ్ళు. తల పక్కకి వాల్చు. నోరు వదులు చెయ్యి. ఇంకా. ఊఁ, కదలకు." భర్త కిటికీ రెక్క సర్ది వెలుతురు ఆమె చెంప మీదికి మళ్ళించాడు. అలా మళ్ళిస్తూ జుట్టు పాయని వేలితో చెవి వెనక్కి తోశాడు. అతను ఇంతసేపు తననే చూస్తూ నిలబడతాడు కదా అనుకుంటే ఒళ్ళు ఝల్లుమంది. కాసేపు నవ్వాపుకుంది. కాసేపు మామగారి బొగ్గుముక్క చేసే గరగర విన్నది. ఆ తరవాత, నటించాల్సిన నిద్ర నిజంగానే వచ్చి మీదపడింది. ఎంత తియ్యటి నిద్ర! పెళ్ళయ్యాక పగటిపూట ఊరికే కూర్చోవడం అదే మొదటిసారని మెలకువ వచ్చాకగానీ తట్టలేదు. గరిటె మటుకు చేతిలోనే ఉంది. నిద్రలో కూడా జారనివ్వలేదు చూశారా అని మొగుడితో గొప్పలు పోయింది.

"ఏదీ, నా ముఖం చూపించరూ?"

"కూర్చున్నవాళ్ళకి చూపించకూడదు" అన్నారు మామగారు కాన్వాసుని గోడవైపు తిప్పేస్తూ. "చూపిస్తే ముక్కు తగ్గించండి, బుగ్గ పెంచండి అంటారు. ఆ తద్దినం నేను పడలేను."

చూపించకపోతే ఏం, చూసే రోజు వస్తుంది. ఆమె కాలేజీలో బెంచీ పంచుకున్న స్నేహితురాలికి ఫోన్ చేసి, "నన్ను బొమ్మ వేశారే! నిజంగా, నూనెరంగుల్లో! హోటల్ తెరిచే రోజు నువ్వు రాకపోతే నీతో మాట్లాడను" అని ఒట్టు వేయించుకుంది. ఆ రోజుకి ఉన్నవాటిలో మంచి బట్టలు తీసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ నచ్చక మళ్ళీ చేసింది.

భోజనాల హాలు కొత్త సున్నం వాసనేస్తోంది. ఎదురుగోడ మీద బొమ్మ, దాని ముందు గుంపు. పిచ్చుక స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, క్షమించండి క్షమించండి అంటూ సందు చేసుకుని ముందుకెళ్ళింది. మొదట తన రాగిగిన్నె కనిపించింది, దాని బుగ్గ మీద తమ ఇంటి కిటికీ మెరుస్తోంది. ముచ్చటేసింది. తరవాత తల ఎత్తింది.

నోరు తెరుచుకుని ఉంది. పెదవి మూలనుంచి చొల్లు గడ్డం మీదికి తీగలా జారుతోంది, దాని మీద చిన్న తెల్లచుక్కతో మెరుపు కూడా పెట్టారు. మెడ కింద గుండీ ఊడింది. ఒక కాలి మేజోడు జారి పాదం బయటపడింది, మడమ నల్లగా ఉంది. వేళ్ళు వదులుగా విడివడి ఉన్నాయి, గరిటె నేలమీద ఉంది. గడ్డం కింద పుట్టుమచ్చ మాత్రం ఉన్నచోట ఉన్నట్టే, ఉన్నంత పరిమాణంలోనే ఉంది. అద్దంలో తను రోజూ చూసుకునే ముఖమే. కాకపోతే తనెప్పుడూ చూడని ముఖం. మనిషి నిద్రపోతున్నప్పుడు తన ముఖం తను చూసుకోలేదు. అది పక్కన పడుకునేవాళ్ళని నమ్మి వాళ్ళకి వదిలేసే ముఖం.

"నోట్లో ఈగ దూరినా తెలిసేట్టు లేదు!" అన్నాడొక పెద్దమనిషి. "మా ఇంట్లో ఉన్నదీ ఇదే బాపతు" అన్నాడింకొకడు. వాడి పక్కనున్న భార్య అందరికన్నా గట్టిగా నవ్వింది. హోటల్ యజమాని మామగారి భుజం తట్టి, "అబ్బ, ఏం దొరికిందండీ ముఖం! ఎక్కడ పట్టారు?" అన్నాడు. మామగారు గుంభనంగా, "ఎక్కడో ఎందుకు? ఇంట్లోదే" అన్నారు. భర్త, ఆమె భర్త, రోజూ వేలికి వేలు తగిలించే మనిషి, కళ్ళతో ఆమెని చూపించాడు.

తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. బొమ్మవైపు చూశాయి, మళ్ళీ ఇటు తిరిగాయి. అప్పుడు ఆమె చేసిన పని తరవాత ఎన్నిసార్లు తలుచుకున్నా తల కొట్టేసినట్టే అవుతుంది. ఆమె నవ్వింది. అందరితోపాటు పళ్ళు కనబడేట్టు నవ్వి, "నేనే!" అన్నట్టు చెయ్యి కూడా ఎత్తింది. ఎత్తిన చేతిని ఏం చెయ్యాలో తెలియక జుట్టు సర్దుకుంది. స్నేహితురాలు మాత్రం నవ్వలేదు. బొమ్మని కాసేపు చూసి, "రంగులు బాగున్నాయే" అంది నెమ్మదిగా. నేల చీలిపోతే బాగుండునని ఆమెకి అనిపించింది అప్పుడే. నవ్వినవాళ్ళ వల్ల కాదు, నవ్వని ఆ ఒక్క మనిషి వల్ల.

దారిలో భర్త నేలమీద నడవడంలేదు. "చూశావా, ఎంత మెచ్చుకున్నారో! ఇంకో రెండు నకళ్ళు అడిగారు. ఇదంతా నీ చలవే, పిచ్చుకా."

"చొల్లు కూడా వేశారేమిటండీ?"

"అదే కదా ప్రాణం!"

"నాకు సిగ్గేసింది."

"సిగ్గెందుకే? నువ్వని ఎవరికి తెలుసు?"

"మీరే చూపించారుగా."

"ఏదో సరదాకి! నవ్వులాటని నవ్వులాటగా తీసుకోవాలి. ఇంత చదువుకుని అంత కూడా తెలియకపోతే ఎలా?"

చదువుకున్నందుకు నవ్వాలి కాబోలు అనుకుంది. ఆ రాత్రి పక్కమీద గోడవైపు తిరిగి, నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని పడుకుంది. నిద్రపోవడం ఏం తప్పు? ఎవరి సొమ్ము దోచుకుంది? పాలగిన్నె తను తోమినదే, చొక్కాలు తను నానబెట్టినవే, ఆ పూట పొయ్యి మీద ఒక్క చుక్క పొంగలేదు. బొమ్మలో పొంగించింది కూడా తనే, సన్నకుంచెతో, ముచ్చటపడుతూ. తన మీదికి రావలసిన సాక్ష్యాన్నంతా తన చేత్తో తనే అందంగా వేసిపెట్టింది. అంత కష్టపడిన రోజున ఒక్కసారి కన్నుమూస్తే, లోకానికి చూపించడానికి వీళ్ళకి ఆ ఒక్క నిమిషమే దొరికిందా?

మర్నాడు టీ కాస్త ఆలస్యమైంది. "ఏరా, సోమరి ఇల్లాలు లేచిందా?" అన్నారు మామగారు హాల్లోంచి. కొడుకు పకపకా నవ్వాడు. అది మొదలు. చొక్కా గుండీ ఊడితే సోమరి ఇల్లాలు, కూరలో కారం తగ్గితే సోమరి ఇల్లాలు. పిచ్చుక అనే పేరు ఎప్పుడు ఎగిరిపోయిందో తెలియలేదు. కోపంగా అంటే తిరగబడొచ్చు. ముద్దుగా అంటారు. ముద్దుగా అన్నదానికి ముఖం ముడుచుకుంటే ముడుచుకున్న ముఖానికి ఇంకో బొమ్మ సిద్ధంగా ఉంటుందేమో. ఆమె పగలు కూర్చోవడం మానేసింది. నిలబడే తినేది. ఆవలింత వస్తే గిన్నెల అలమర తలుపు తెరిచి, తల లోపల పెట్టి ఆవలించేది. ఒకసారి అలా అలమరలో తలపెట్టి ఆవలిస్తూ, ఇదేం బతుకు అనుకుంది. ఇంతా చేస్తే ఎవరో పెట్టిన పేరు నిజం కాదని చూపించడానికే రోజంతా సరిపోతోంది.

ఆ మధ్యాహ్నమే దుప్పట్లు మోసుకుంటూ మెట్లెక్కుతోంది. మలుపులో ఎప్పటిలాగే గయ్యాళి అరుస్తోంది. ఆ నోరు చూడలేక కళ్ళు పైకి తిప్పుకుంది. కనుబొమ్మ దగ్గర చూపు ఆగిపోయింది. ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు లేని సన్నటి గీత. ఏదో తెగి మానిన మచ్చ. ఆ గీతని ఆమె రోజూ చూస్తూనే ఉంది. పొయ్యి దగ్గర, తొట్టి దగ్గర, దుప్పటి రెండో కొస పట్టుకుని ఎదురుగా నిలబడినప్పుడు. కాకపోతే ఆ ముఖంలో నోరు తెరుచుకోవడం ఒక్కసారీ చూడలేదు. అందుకే ఇన్నాళ్ళూ గుర్తుపట్టలేదు.

దుప్పట్లు మెట్లమీదే వదిలేసి హాల్లోకి పరిగెత్తింది. అమ్మిన బొమ్మలన్నిటికీ ఫొటోలు తీసి అట్టకి అంటించి కొనేవాళ్ళకి చూపిస్తారు. సొగసులాడి ఎడమ కనుబొమ్మలో గీత. చాడీలకోరు కనుబొమ్మలో గీత. ఒళ్ళోంచి బిడ్డ జారిపోతున్నా సీసా వదలని తాగుబోతు తల్లి కనుబొమ్మలోనూ గీత. ఒక్కో ఫొటోకీ ఆ ముఖానికి కొంచెం కొంచెం వయసు పెరుగుతోంది. ఊళ్ళో ఎన్ని గదుల్లో, పన్ను పీకించుకోబోయేవాళ్ళు, భోజనం కోసం ఎదురుచూసేవాళ్ళు ఈ మనిషిని చూసి ఎన్ని నవ్వులు నవ్వుకుని ఉంటారో.

అత్తగారు వంటింట్లో సరేసు కలుపుతున్నారు.

"అత్తయ్యా, మెట్ల మీద బొమ్మ మీరేనా?"

గరిటె ఆగలేదు. "ఊఁ."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఏం చెప్పను? నీకన్నా చిన్నదాన్ని అప్పటికి. గట్టిగా అరవమన్నారు మీ మామగారు. నాకు రాలేదు. ఊరికే ఎలా అరుస్తాం, ఎవరి మీదని? అయితే నోరు తెరుచుకుని కూర్చో అన్నారు. కూర్చున్నా. దవడలు పట్టేసి రెండు పూటలు నమల్లేకపోయాను." సరేసు చిక్కదనం చూడడానికి గరిటె పైకెత్తి, తీగ తెగేదాకా చూశారు. "దాన్ని అక్కడ తగిలించాక, ఎప్పుడైనా నేను కాస్త గొంతు పెంచితే చాలు, ఆయన ఏమీ అనేవారు కాదు. మెట్లవైపు వేలు చూపించేవారు. ఇంటికొచ్చినవాళ్ళు నవ్వేవారు. పిల్లాడూ నవ్వేవాడు, చిన్నవాడు కదా. ఎందుకొచ్చిన గొడవ అని మాట్లాడ్డమే తగ్గించుకున్నా. ఇప్పుడు వేలు చూపించాల్సిన పనే పడ్డంలేదు ఆయనకి."

ఊరు ఊరంతా దూరిపోయేట్టుంది అన్న తన మాట పిచ్చుక చెవిలో మోగింది. హోటల్లో నవ్వినవాళ్ళ మీద ఇన్నాళ్ళూ మనసులో పళ్ళు నూరింది. వాళ్ళకి తనెవరో తెలియదు. తను నవ్వినప్పుడు ఈ మనిషి పక్కనే నిలబడి ఉన్నారు, చేతినిండా దుప్పట్లతో. హోటల్లో పడ్డ సిగ్గు దీని ముందు సిగ్గే కాదనిపించింది.

"నేను నవ్వాను, అత్తయ్యా. ఆ రోజు."

"నవ్వొచ్చే బొమ్మేగా" అన్నారావిడ, ఇదివరకటి మాటే, ఇదివరకటిలాగే.

పిచ్చుక మళ్ళీ అడిగింది. "మరి మగవాళ్ళ ముఖాలకి ఎవరు కూర్చుంటారు? ఆ పిసినారికీ, జూదగాడికీ?"

"ఎవరూ కూర్చోరు. వాటికి ముక్కొకరిది, గడ్డమొకరిది, కళ్ళింకొకరివి కలిపేస్తారు. ఎవరి పోలికా రాకుండా చూసుకుంటారు." అత్తగారు గిన్నె దించి, అతి మామూలుగా, వంటలో చిట్కా చెప్పినట్టు చెప్పారు. "ఊళ్ళో ఎవరైనా గుర్తుపడితే పరువు పోదూ?"

పిచ్చుక మెట్లదగ్గరికి తిరిగి వెళ్ళింది. దుప్పట్లు తీసుకోలేదు. కాలిమునివేళ్ళ మీద లేచి గయ్యాళిని మేకునుంచి దించి, వంటింట్లోకి తెచ్చి, గోడకి ఆనించింది. తరవాత ఏం చెయ్యాలో ఆమెకి తెలియదు. అత్తగారు చాలాసేపు దానివైపు చూడలేదు. చూశాక, దగ్గరకొచ్చి, ముఖం ఉన్నచోట కాకుండా అంచు దగ్గర బొటనవేలితో నొక్కి చూశారు.

"గుడ్డ మంచిది" అన్నారు. "ఇప్పుడు ఇలాంటి నేత రావడంలేదు. గరుకు కాగితంతో రుద్ది పూత వేస్తే ఇంకో బొమ్మకి పనికొస్తుంది."

ఇద్దరూ కలిసే రుద్దారు. నోరు ముందు పోయింది.

ఆ తరవాత రోజులు గడిచాయి, తెల్లపూత ఆరింది. మెట్లమీద ఖాళీ మేకుని తండ్రీ కొడుకూ ఒక్కసారైనా గమనించలేదు. దానితో వాళ్ళకి పని పడలేదు మరి.

హోటల్ యజమాని ఇంకో బొమ్మ అడిగాడు. 'కునికే న్యాయాధిపతి'. ఎదుట ఒక తల్లి ఏడుస్తూ మొరపెట్టుకుంటుంటే, పీఠం మీద ఆయనగారు గుర్రుపెడుతుంటాడు. భర్త, కొత్తదనుకుని, ఆ కాన్వాసు మీదే గళ్ళు గీసి, పీఠం వేసి, నల్లటి అంగీ వేసి, పెసరగింజంత ముఖం దగ్గర ఆగాడు. మామగారు లోపల భోంచేసి నడుం వాల్చారు.

"నాన్న లేచాక ఎవరి ముక్కో ఎవరి మూతో కలుపుతారులే" అన్నాడు ఒళ్ళు విరుచుకుంటూ. "సోమరి ఇల్లాలూ, ఓ కప్పు టీ!"

టీ తెచ్చి ఇచ్చింది. అతను వేలికి వేలు తగిలించాడు. ఇప్పటికీ ఆమెకి బాగానే ఉంది అది. అదే బాధ.

"మీరు కూర్చోండి" అంది. "ముఖం నేను వేస్తాను."

"నువ్వా? ముఖమా?" అతనికి నవ్వొచ్చింది. సరదా మనిషి కదా, వెళ్ళి ఆ చేతుల కుర్చీలోనే కూలబడ్డాడు. "ఎలా? ఇలాగా?"

"తల పక్కకి వాల్చండి. నోరు వదులు చెయ్యండి. ఇంకా. ఊఁ, కదలకండి."

తిని కూర్చున్న మనిషి, కిటికీలోంచి వెచ్చటి ఎండ. కాసేపటికి నిజంగానే గుర్రుపెట్టాడు. పిచ్చుక బొగ్గుముక్క తీసుకుంది. తను ఎన్ని రాత్రులు మురిపెంగా చూసుకున్న ముఖం! చెంప మీద చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన గుంట, ఎడమవైపుకి కాస్త ఒరిగిన ముక్కు, నిద్రలో పైకి లేచిపోయే పై పెదవి, కింద కనిపించే విరిగిన పన్ను. ఏదీ పెంచలేదు, ఏదీ తగ్గించలేదు. చొల్లు రాలేదు కాబట్టి వెయ్యలేదు.

అతను లేచి కళ్ళు నులుముకుంటూ వస్తుంటే, "కూర్చున్నవాళ్ళకి చూపించకూడదటగా" అంది.

"చాల్లే, జరుగు."

చూశాడు. పెదవుల మీది నవ్వు కాసేపు అక్కడే ఉండిపోయింది, చెయ్యెత్తి ఏం చెయ్యాలో తెలియని మనిషిలా. ఆ నవ్వు ఆమెకి బాగా తెలుసు. హోటల్లో తను నవ్వింది ఆ నవ్వే. చూడలేక తల దించుకుంది.

"ఇది నేనే కదే" అన్నాడు.

"ఊఁ."

"బాగా వేశావు. సరేగానీ, చెరిపెయ్." గొంతు తగ్గించాడు, ఆ గదిలో ఇంకెవరో ఉన్నట్టు. "చెరిపెయ్యవే. హోటల్లో తగిలిస్తారు. నలుగురూ నన్ను గుర్తుపడితే ఏమనుకుంటారు?"

ఆమె నోరు విప్పబోయింది. ఈలోగా గుమ్మంలోంచి వినిపించింది.

"ఏమీ అనుకోరు నాన్నా! నవ్వుతారు, అంతే!"

అత్తగారు. చేతిలో సరేసు గిన్నె. అంత పెద్ద గొంతు ఆ ఇంట్లో ఉందని పిచ్చుకకి తెలియదు. ఆవిడకి కూడా గుర్తులేదు కాబోలు, అన్నాక తనే ఉలిక్కిపడ్డారు. కిటికీ అద్దం కొద్దిగా మోగింది.

"ఏమిటా అరుపు?" మామగారు చొక్కా సర్దుకుంటూ లోపల్నుంచి వచ్చారు. ఇంకేం అనలేదు. ఎప్పటి అలవాటో, మరిచిపోలేదు, వేలు ఎత్తి మెట్ల మలుపువైపు చూపించారు.

అక్కడ గోడ మీద ఎండపలక పడి ఉంది. మధ్యలో ఒక మేకు.

వేలు గాల్లోనే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ దించాలో ఆయనకి తెలియలేదు.